గులాబీల మందు

బాగలూరు, 12-8-1961

ఉదయం గులాబి ఆకుల మీద తెల్లటి బూజు కనిపించింది. చెట్లకు కొట్టే మందు తెచ్చి నాన్న వంటింటి కిటికీలో పెట్టాడు.

మధ్యాహ్నం చెల్లెలు కమల దగ్గుతూ, "మందు యాడుందమ్మా?" అంది.

"కిటికీలోనే ఉంది, తాగుపో" అంది అమ్మ, దగ్గుమందు అనుకుని.

ఒక్క గుక్కకే కమల వాంతులు చేసుకుని పడిపోయింది.

హోసూరు నుంచి డాక్టరు వచ్చాడు. సీసా మీది ఇంగ్లీషు నేనే చదివి వినిపించాను. ఆయన తలెత్తి చూడలేదు. సాయంత్రం దాకా కమల నాడి పట్టుకుని కూర్చున్నాడు.

"గులాబీల మందు తాగినావు కదా, ఇంక పూస్తావులేమ్మా" అన్నాడు. కమల నవ్వింది. గండం తప్పింది.

ఆ గుక్క నేను తాగి ఉంటే బాగుండుననిపించింది. ఎంత పాడు బుద్ధి.

వచ్చే శుక్రవారం ఆయన పెళ్ళిచూపులకు వస్తున్నది నా కోసం.