ఎడమవైపు స్ప్రింగు

బాపూ,

నువ్వు చదవవు గనుకే ఇది రాయగలుగుతున్నాను.

నీ సంవత్సరీకం అయిన తెల్లారి నీ బండి బయటికి తీశాను. చౌరస్తా దాటేలోపే హ్యాండిల్ ఊగింది, బండి ఒక పక్కకే లాగింది. కాశిబుగ్గలో, నువ్వెవరో తెలియని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను.

అతను వెనక స్ప్రింగులు చూసి నవ్వాడు. "ఎవలు పెట్టిండ్రన్నా ఇట్ల? ఎడమది ఫుల్లు టైటు, కుడిది లూజు. గిట్లుంటే బండి సీదా ఎట్ల పోతది?" అక్కడున్న వాళ్లూ నవ్వారు.

ఎవరు పెట్టారో నాకు తెలుసు. మగ్గం మీంచి దింపిన జంపఖానాల మూటను నువ్వెప్పుడూ ఎడమవైపే కట్టేవాడివి, కుడివైపు సైలెన్సర్ వేడికి కాలుతాయని. ఆ బరువుకు బండి కుంగకుండా ఎడమ స్ప్రింగు బిగించుకున్నావు.

అది చెప్పడానికి ఎంతసేపు? ఆ నవ్వు నా మీదికి వస్తుందని, "సెకండ్ హ్యాండుల కొన్న" అన్నాను.

అతను రెండు స్ప్రింగులూ సమానం చేశాడు, హ్యాండిల్ బేరింగులు మార్చాడు. తాళం చేతికిస్తూ కుడి ఫుట్‌రెస్టు చూపించాడు. రబ్బరు సగం అరిగిపోయింది, ఎడమది బాగానే ఉంది.

"ఆయన ఎడమ దిక్కు బరువు మోసిండు గావచ్చు. రోజూ కుడి దిక్కు ఒరిగి నడిపిండు. పాపం, నడుం పోయి ఉంటది." ఈసారి అతను నవ్వలేదు.

నీ నడుం బెల్టు ఇంకా మనింట్లో మేకుకే వేలాడుతోంది, బాపూ. నేను అతనితో, "ఏమో, నాకు ఎర్కలేదు" అన్నాను.