పొయ్యిలో చోళ్ళు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిరుడు తిండిలేని రోజుల్లో గిన్నె పట్టుకుని వెళ్తే, "గింజ లేదు" అని నిన్ను గేట్ బజారు షావుకారు తిప్పి పంపాడే, వాడి పట్టునూలుకు రంగులేసే కొట్టంలోనే పనికి కుదిరాను. యుద్ధం వల్ల కట్టెలు దొరకడం లేదు. మొన్న ఉదయం రంగు కాగే పొయ్యిలోంచి వేగిన చోళ్ళ వాసన వచ్చింది. వంగి చూస్తే, కట్టెలకు బదులు అంబలి కాచుకునే చోళ్ళే మండుతున్నాయి. పక్కన ఇంకో మూడు బస్తాలున్నాయి.

"ఇయ్యెక్కడివి బాబూ?" అని షావుకారుని అడిగాను.

"నిరుటివే. పురుగట్టేసినాయి. తినడానికి పనికిరావు, మంటకైనా పనికొస్తాయి కదేటి!"

నువ్వు ఆకలితో మంచం పట్టిన రోజుల్లో అవి వాడి గదిలోనే ఉన్నాయి! కాగుతున్న ఎర్రరంగు కడవెడు తీసి పొయ్యిలో కుమ్మరించాను.

"పిచ్చెక్కిందేటే నీకు? రేపట్నుంచి రాకు!"

"రాను. మా అక్క అడిగితే లెవ్వని సెప్పినావు!"

పనిలో ఉన్న ఆడవాళ్ళం బస్తాలు ఎత్తుకొచ్చేశాం. వీధిలో జనం పోగవడం చూసి వాడు అడ్డు రాలేదు. నిన్న ఆ చోళ్ళు జల్లించి, కడిగి ఆరబెట్టి, తిరగలిలో విసిరి అంబలి కాచాం. వీధి పిల్లలంతా తాగారు.

ఒక్కరికీ కడుపునొప్పి రాలేదక్కా.