సుఖం మరిగిన మందు

అక్కా,

మా మందు పొర దాటింది.

నీ మణికట్టు నొప్పికి మాత్రలు పడటం లేదని, పైన రాస్తే లోపలికి దిగే మందు కోసం ల్యాబ్‌లో నేను పడుతున్న పాట్లు నీకు తెలుసు. మందు బాగా కరిగే నూనెనే వెతికి వెతికి వాడాం. చర్మంలాంటి పొర దాటి కింది గాజు గిన్నెలోకి రవ్వంతైనా దిగలేదు. ఇక ఆపేద్దామన్నారు మేడమ్.

ఆ రోజే నువ్వు ఫోన్లో, చుట్టపుచూపుగా వచ్చి ఎన్నాళ్లైనా వెళ్లని మీ మరిది మీద విసుక్కున్నావు: "మెత్తటి పరుపేశాను కదా, ఇంకెందుకు కదుల్తాడు?"

నాకు లైటు వెలిగింది. మందు ఆ నూనెలో సుఖం మరిగింది. దానికి అంతగా పొసగని నూనెలో వేశాను, పొర దాటి గిన్నెలోకి దిగింది. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

నీ చేతిదాకా రావాలంటే ఇంకా చాలా పరీక్షలున్నాయి. ఈలోగా మీ మరిదికి పరుపు తీసేసి చాప వెయ్యి.

నీ చెల్లి