పులులకు కళ్ళు తెరిపించే మిషను

అమ్మా, నేను క్షేమం, వేళ్ళు పదీ ఉన్నాయి. కార్డు చెల్లి చేత చదివించుకో, ఆపరేషను కట్టు విప్పేదాకా కంటిని శ్రమ పెట్టకు.

మా మిషను పిల్లలు ఆడుకునే అట్ట పులి మాస్కులు కోస్తుంది. కత్తుల రోలరు కంటి కన్నం దగ్గర ముక్కని కోయగానే పక్క రోలరు పిన్ను దాన్ని గుచ్చి లేపుతుంది. దువ్వెనలాంటి రేకు దులిపి డబ్బాలో రాలుస్తుంది. రెప్ప వేసేలోగా నాలుగు పులులు కళ్ళు తెరుస్తాయి, మాస్కు మీద గీతైనా పడదు!

నిన్న హెడ్డు అక్క అటు తిరిగి టీ తాగుతూనే, "ఆపవే! రెండు రాలేచోట ఒకటే రాలుతోంది" అని అరిచింది. ఆ హోరులో నా మాటే నాకు వినపడదు, ఆవిడకి గోరంత అట్టముక్క రాలడం వినపడింది! ఆపి చూస్తే నలభై పులులు కన్ను కొడుతున్నాయి. పొద్దున నేను నూలుగుడ్డతో తుడిస్తే ఓ పోగు పిన్నుకి చుట్టుకుంది. ఆ పిన్ను పాత ముక్కని వదల్లేదు, కొత్తదాన్ని పట్టలేదు. తిడుతుందనుకున్నా. పోగు లాగి నా అరచేతిలో పెట్టి, "బ్రష్షుతో తుడవాలే పిచ్చిమొద్దూ" అంది. కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

నా నీలం దుప్పటి మామయ్య చేత పంపు. వంటింటి కొళాయి ఇంకా కారుతోందా? చుక్కల మందు మానకు. పెద్దమ్మని అడిగానని చెప్పు, చెల్లికి ముద్దులు.

వచ్చేవారం కట్టు విప్పాక జవాబు చెల్లి చేత రాయించకు. వంకర టింకరగా ఉన్నా సరే, నువ్వే రాయి.

నీ పెద్దది