అమ్మ చెట్టు ఆకు

అనకాపల్లి,
14-10-2003.

ప్రియమైన అన్నయ్యకు, వదినకు నమస్కారాలతో చెల్లెలు తలుపులమ్మ రాస్తున్న సంగతులు. ఇక్కడ మనుషులమంతా బాగానే ఉన్నాం. పోర్టుబ్లెయిర్‌లో మీరూ, నా మేనల్లుడు లోహిత్ చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. జవాబు ఆలస్యమైందని వదిన నొచ్చుకునే ఉంటుంది. ఎందుకు ఆలస్యమైందో చదువుతూ పోతే తెలుస్తుంది.

నువ్వడిగినవి ముందు చెప్తాను. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. బెల్లం మార్కెట్‌లో మళ్లీ కాటా దగ్గర నిలబడుతున్నారు. మందు వేసుకోమంటే "నానేటి ముసిలోణ్ణా?" అని ఎగురుతారు, నేను అటు తిరగగానే మాత్ర మింగుతారు. ధనశ్రీ రెండో తరగతికి వచ్చింది. మామయ్య ఓడ ఎప్పుడొస్తుందని రోజూ దాని గొడవే.

పాయకరావుపేట వెళ్లావా అని అడిగావు. వెళ్లాను. పెద్ద రోడ్డు వేసేశారు. మన పెరడు ఉన్నచోట ఇప్పుడు లారీలు పోతున్నాయి. అమ్మ పెంచిన మామిడి, మన అమ్మ చెట్టు, ఎక్కడుండేదో బస్సులోంచి పోల్చుకుందామని చూశాను గాని, పోల్చుకునేలోపే దాటిపోయింది. చెట్టు కొట్టకముందే నువ్వు మూడు టెంకమొక్కలు తెచ్చి దాని కొమ్మలకు అంటు కట్టావు. రెండు ఎండిపోయి ఒక్కటే బతికింది. "నాను ఓడెక్కేవోణ్ణి, నీకు పెరడుంది. నువ్వు పట్టికెళ్లి పెంచే" అని ఆ మొక్క ఉన్న కుండ నా చేతుల్లో పెట్టావు.

ఇక పెరటి సంగతి. వానలు వెనకబట్టాయి, నేల మెత్తగా ఉంది. నీళ్ల తొట్టి పక్కన పక్కింటి అప్పలకొండమ్మత్త ఇచ్చిన అరటి పిలక పెట్టాను. గోడవారన నందివర్ధనం కొమ్మలు, కనకాంబరం నారు నాటాను. ఎండ బాగా పడేచోట నువ్వు చెప్పినట్టే గొయ్యి తీయించి, ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి ఉంచాను. దసరా వెళ్లాక మంచిరోజు చూసుకుని, అంటుమొక్కను నేలలో పెడదామని మీ బావా నేనూ కుండ పగలగొట్టాం.

ఇక దాచి లాభం లేదు అన్నయ్యా. మట్టి విడదీస్తుంటే అంటు దగ్గర నువ్వు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ లోపలెక్కడో కనిపించింది. దాని పైన ఎండిపోయిన పుల్లముక్క. ఇన్నాళ్లూ నేను చూసి మురిసిపోయిన కొమ్మలన్నీ ఆ పట్టీ కిందనుంచి లేచినవే. అవి టెంకమొక్కవి. అమ్మ చెట్టుది ఒక్క కొమ్మ కూడా లేదు.

ఎలా జరిగిందంటే, అమ్మ కొమ్మ మొదటినుంచీ సన్నగా, నాలుగాకులతో ఉండేది. దాని పక్కనుంచి ఎర్రటి చిగుళ్లతో రెండు పిలకలు బలంగా లేచాయి. చెరకు పండించే ఇంట్లో పుట్టినదాన్ని, పిలకలేస్తే మనకు పండగే కదా! అన్నీ ఒక్క మొక్కవే, అన్నీ అమ్మవే అనుకున్నాను. చెరకుకి ఎగదోసినట్టే మొదలు చుట్టూ మట్టీ ఎరువూ నీ పట్టీ మునిగేలా కుండ నిండా ఎగదోశాను. అమ్మ కొమ్మ వాడిపోతుంటే, మిగతావాటి బలం కూడా ఇది తినేస్తోందని నా చేత్తోనే కోసి పారేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా సంగతి. పైగా మొక్క గుబురుగా ఉందని నీకు గొప్పగా రాశాను.

"ఏ మామిడైతే ఏటి, నేల్లో పెట్టీద్దారి" అన్నారు మీ బావ. నేను ఏడుపు ఆపకపోయేసరికి గొయ్యి గట్టు మీద కూర్చుండిపోయారు. గొయ్యి ఇంకా తెరిచే ఉంది. మొక్క వేళ్లకు తడి గోనె చుట్టి నీడన ఉంచాను. నాటమంటావో, పారేయమంటావో నువ్వే చెప్పు.

ఇంకొకటి ఉంది. ఎండాకాలంలో నువ్వడిగావని ఆ మొక్క ఆకొకటి కవర్లో పెట్టి పంపాను. "ఆకు నలిపి వాసన చూస్తే అమ్మ పక్కన కూర్చున్నట్టయింది. మిగిలిన సగం అమ్మ ఫోటోకి పెట్టాను" అని మొన్నటి ఉత్తరంలో రాశావు. అది చదివాక నీకు జవాబు రాయలేకపోయాను, అప్పటికి ఇదంతా తెలియకపోయినా ఎందుకో ఏడుపొచ్చింది. కుండ పగిలాక ఇక అసలు చేతకాలేదు. నీకు పంపేనాటికే అమ్మ కొమ్మ కోసేశాను, అది టెంకమొక్క ఆకు అన్నయ్యా. నేను నోరు మూసుకుంటే కాయ కాసేవరకూ నీకు తెలిసేది కాదు. కానీ ఆ మొదటి కాయ నువ్వు కొరికి నా మొహంలోకి చూస్తావు. ఆ రోజు నేను ఏం చెప్పను?

ఆ ఆకు ఫోటో దగ్గరనుంచి తీసెయ్యమని రాద్దామనే కూర్చున్నాను, చెయ్యి రావడం లేదు. అప్పుడు నీకు ఆకు పంపేముందు నేనూ దాని కొస నలిపి చూశాను. నాకూ అమ్మ చెట్టు వాసనే వచ్చింది, ఒట్టు. నిన్న ఇంకో ఆకు తుంపి నలిపాను. ఉత్త మామిడాకు వాసనే వచ్చింది.

ఇట్లు,
అమ్మ కొమ్మను చేజేతులా కోసుకున్న నీ చెల్లెలు,
తలుపులమ్మ.