నింపినవన్నీ రాసుకున్న సర్వర్

తిరుపతి

గూడూరులో ఉన్న పద్మక్కకు నీ చెల్లెలు సుమతి నమస్కరించి రాసేది. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు ఫోన్లో అడిగినప్పుడల్లా బాగున్నానన్నాను. బాగా లేనక్కా. నోటితో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ ఒకటే వానలు. హాస్టల్లో బట్టలు ఆరవు, సాంబారులో పప్పు కనబడదు. అలిపిరి దారిలో అంతమంది నడుస్తుంటారు, నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి లేడు.

తిరుచానూరు లాడ్జీలకు గదులు బుక్ చేసే వెబ్‌సైట్ నడపడం మా ఆఫీసు పని, నీకు తెలుసుగా. అమ్మవారి ఉత్సవాల రద్దీలో జనం నింపి పంపిన ఫారాలు కొన్ని మధ్యలోనే మాయమయ్యాయి. మేనేజర్ నన్ను పిలిచి, "ఎవురేం నింపితే అదంతా లాగ్‌లో పడేట్టు పెట్టుమా. యాడ పోతాండాయో తెలుస్తాది" అన్నాడు. లాగ్ అంటే, సర్వర్ తన దగ్గర జరిగిందంతా వరసగా రాసుకునే ఫైలు.

"ఫోను నంబర్లు, ఆధార్ కూడా పడతాయి సార్. అవి కనబడకుండా చేసి మిగతావి రాద్దాం" అన్నాను.

"జనం ఆడ కాసుకోనుంటే నీకిప్పుడు నీతులా? ముందు పెట్టు, మళ్లీ తీసేద్దాం."

పెట్టాను. లోపం దొరికింది, సరిచేశాను. లాగ్ మాత్రం తీయనివ్వలేదు. బుకింగుల వివరాలు చూసే వీలు అందరికీ లేదు, ఈ లాగ్‌ను మాత్రం ఆఫీసులో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అడిగిన ప్రతిసారీ "సూద్దాంలే" అన్నాడు.

పోయిన వారం ఆఫీసు ఫోను నేనే ఎత్తాను. అవతల ఒకావిడ. భర్త దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి, మా వెబ్‌సైట్‌లో గది తీసుకుందట. అతను నేరుగా వచ్చి ఆ గది తలుపే బాదాడు. లాడ్జివాళ్లు అడ్డుపడకపోతే ఈడ్చుకుపోయేవాడే.

"నేను ఈడుండేది మీకు తప్ప ఎవురికీ తెలీదమ్మా. ఎవురు చెప్పినారు?" అంది.

చెప్పింది మా ఆఫీసు మురళి. ఆ భర్త అతని పెదనాన్న కొడుకు. ఆ అన్న అడగ్గానే మురళి లాగ్ తెరిచి, ఆమె ఫోన్ నంబరుతో వెతికి, గది ఎక్కడో చెప్పేశాడు. నేను అడిగితే దాచుకోనైనా లేదు. "కాపురం నిలబెడదామని చెప్పినాను. దొంగతనమేమన్నా చేసినానా?" అని నవ్వాడు.

మేనేజర్ దగ్గరికి వెళితే, "లాగ్ పెట్టింది నువ్వే కదమ్మా" అన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా తీయనివ్వని ఫైళ్లను నా కళ్లముందే తుడిచేశాడు. అంత సులువైన పని అక్కా అది.

ఆమె వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. లాగ్ నేనే పెట్టానన్నదీ దాచకుండా, జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మర్నాడే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మురళిని ఏమీ అనలేదు. నా పని కూడా ఇప్పుడు అతనే చూస్తున్నాడట.

ఆమెను బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. ఏ ఊరు పోతున్నావని అలవాటుగా అడిగాను. నా మొహంలోకి చూసి, "నీకు చెప్పలేనుమా" అంది. తప్పు పట్టలేకపోయాను.

నాకోసం బెంగపడకండి. వేరే పని వెతుక్కుంటున్నాను, వేళకు తింటున్నాను. ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త నిమ్మకాయ ఊరగాయ పంపు. పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. ఉద్యోగం పోయిందని నాయనకు నువ్వే చెప్పు. ఎందుకు పోయిందో కూడా చెప్పు, సగంలో ఆపకు. ఆయన కాళ్లకు మొక్కానని చెప్పి, నన్ను దీవించమను.

నీ చెల్లెలు,
సుమతి