కొసరు చెయ్యి

బూసాన్, కొండవాడ
2019 నవంబరు 12

నా నేస్తం మల్సూక్‌కి,

రాస్తున్నది నేను, ఓక్‌బున్‌ని. పేరు చూడగానే చించెయ్యకు, చివరిదాకా చదువు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, ఈ ఏటి కిమ్చీ పచ్చడికి ఉప్పు సరిగ్గా పట్టిందనీ తలుస్తాను. నేను బాగానే ఉన్నాను.

మనం మాట్లాడుకుని మూడేళ్ళయింది. కొండ కింద పెద్ద మార్టు తెరిచిన వారంలోనే నువ్వు దాని పసుపు సంచీ పట్టుకుని నా కొట్టు ముందునుంచి వెళ్ళావు. "మార్టుకైతే మోకాళ్ళు బాగానే లేస్తున్నాయే!" అని నేను ఎత్తిపొడిచాను. నువ్వు ఊరుకుంటావా? "నీ గుప్పెడు మొలకల కొసరుకి నలభై ఏళ్ళు మురిశాను. అక్కడ ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇస్తున్నారే తల్లీ!" అన్నావు. ఆ తర్వాత నువ్వు కింద అపార్టుమెంట్లోకి మారిపోయావు. నేను పౌరుషానికి పోయి కబురు పెట్టలేదు.

వాడలో ఒక్కొక్కరే రావడం మానేశారు. రోజూ సోజు సారా సీసాకి వచ్చే తాపీమేస్త్రి కూడా తల వంచుకుని పోయేవాడు. అమ్ముడుపోని టోఫూ నేనే తినేదాన్ని. అంతవరకూ ఎవరికైనా జరిగేదే. ఈ వేసవినుంచి జరుగుతున్నది వేరు.

మనం కూర్చుని క్యాబేజీలు కోసే చెక్కబల్ల ఒక ఉదయం లేదు. తర్వాతి వారం, పోయిన మా ఆయన చేత్తో రాసిన "ఓక్‌బున్ కొట్టు" బోర్డు లేదు. ఆ తర్వాత తూకం. ఆఖరికి తలుపు కూడా, మల్సూక్! ఎవరో నా కొట్టుని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్నట్టుంది.

మార్టులోకి వెళ్ళాను. చేపలు దాటి లోపలికి పోతే నా కొట్టు అక్కడుంది. బల్లమీద నీ వేడిగిన్నె కాల్చిన నల్ల మచ్చ కూడా ఉంది. బుట్టలో మొలకలు మాత్రం ప్లాస్టిక్‌వి. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. తూకం వెనక ఒక ముసలమ్మ బొమ్మ. ఎదుటి పాల ఫ్రిజ్ అద్దంలో దాన్ని తేరిపార చూశాను. నా ఊదారంగు చొక్కా, నా మొహం. ఎంతసేపటికీ కదలదు. కుడిచెయ్యి ఒక్కటే ఉండుండి బుట్టలోకి పోయి, గుప్పెడు తీసి, ఎవరూ లేని చోట పోస్తోంది.

నువ్వూ చూశావా? ఏమనిపించింది? తప్పక రాయి. మనవరాలికి ముద్దులు.

నీ
ఓక్‌బున్

తా.క. అబద్ధం రాశాను. దొంగలెవరూ లేరు. అన్నీ నేనే మార్టుకి అమ్మాను, బోర్డుతో సహా. సామానుతో పాటు నన్నూ వచ్చి బొమ్మలా నిలబడమని అడిగారు. "కదలకండి మామ్మగారూ, కదిలితే పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు మేనేజరు. చెయ్యి మాత్రం నా మాట వినదు. అదేదో యంత్రం అనుకుంటున్నారు.

పోయిన మంగళవారం నువ్వు మనవరాలితో వచ్చావు. "అచ్చం మా ఓక్‌బున్‌లాగే చేశారే! ఎప్పుడు పోయిందో, నాకు కబురైనా రాలేదు" అంటూ నా చెంప తడిమావు. ఫ్రిజ్‌ల చలికి అది గడ్డకట్టి ఉంది. "మైనం ఎంత చల్లగా ఉందో చూడవే" అన్నావు పిల్లతో. నీ వేళ్ళు వెల్లుల్లి వాసన వేశాయి. నాకు ఏడుపొచ్చింది గానీ, ఈ పని కూడా పోతుందని కదల్లేదు.

మళ్ళీ రా. ఈసారి చెయ్యి చాపు. పని పోతే పోయింది, నీకు కొసరు వేసి ఆ చెయ్యి పట్టుకుంటాను. జడుసుకోకు.